పాముచెవుల మేస్త్రి

టర్బో బండిలో గాలి ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి లోకంలో నానా పద్ధతులున్నాయి. పొగ పట్టే యంత్రాలున్నాయి, సబ్బు నీళ్ళున్నాయి, కంప్యూటర్ తగిలించి గంటసేపు బుర్ర గోక్కునేవాళ్ళున్నారు. మన మేస్త్రికి మాత్రం రెండు చెవులుండేవి. ముప్ఫై ఐదేళ్ళు వాటితోనే నెట్టుకొచ్చాడు. గొట్టాల్లోకి గాలి ఎక్కించి, కంప్రెసర్ ఆపించి, షెడ్డులో అందరినీ నోళ్ళు మూసుకోమని, బానెట్ మీదికి వంగి కళ్ళు మూసుకునేవాడు. పది లెక్కపెట్టేలోపు వేలు చాచి, "అదిగో, అక్కడ బుసకొడుతోంది" అనేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది, వెంట్రుకంత చీలిక. అందుకే ఆ వీధిలో ఉన్న వర్క్‌షాపుల వాళ్ళందరూ ఆయన్ని పాముచెవుల మేస్త్రి అనేవారు. షెడ్డు బోర్డు మీద సొంత పేరు ఎండకి వెలిసిపోతే, దాన్ని మళ్ళీ రాయించకుండా ఈ పేరే రాయించాడు. ఆ పేరంటే అంత ఇష్టం ఆయనకి.

సబ్బు నీళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట. పక్క షెడ్డువాడు గొట్టాల మీద సబ్బు నీళ్ళు చల్లి బుడగల కోసం ఎదురుచూస్తుంటే, "ఏం బాబూ, బండికి తలంటు పోస్తున్నావా?" అని వాడు చచ్చేట్టు వెక్కిరించేవాడు.

షెడ్డులో ఆయనతోపాటు పనిచేసేది ఆయన మేనకోడలు. తొమ్మిదేళ్ళ కిందట డిప్లొమా కాగితం చేతపట్టుకుని వచ్చింది. వచ్చిన మొదటి వారమే ఆమెని బండి ముందు నిలబెట్టి, కళ్ళు మూసుకోమని, గాలి ఎక్కించి, "చూపించు" అన్నాడు. ఆమె చూపించిన చోట ఏమీ లేదు. రెండోసారీ లేదు. ఇరవయ్యో సారికి సరిగ్గా చూపించింది. ఆ రోజు మేస్త్రి ఇంటికెళ్ళి భార్యతో, "మా అక్క కూతురికి నా చెవులే వచ్చాయే" అని రెండుసార్లు చెప్పాడు. ఇప్పుడామెకి ముప్ఫై దాటింది. అల్యూమినియం వెల్డింగ్‌లో ఆమె చెయ్యి పడితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. షెడ్డులో ఉన్నంతసేపు ఆయన్ని 'మీరు' అంటుంది. ఇంటికొస్తే 'నువ్వు' అంటుంది. పనీ చుట్టరికమూ కలపకూడదని ఆమె పెట్టుకున్న పద్ధతి అది.

ఇంత పేరు మోసిన చెవులూ చివరికి పోయాయి.

పూర్తిగా కాదు. మాటలు వినపడుతున్నాయి, ఇంజన్ గొణుగుడు వినపడుతోంది, సుత్తి దెబ్బ వినపడుతోంది. సన్నని శబ్దాలే ఒకటొకటిగా జారుకున్నాయి. ఆ సంగతి ఆయనకి తెలిసిందే ఒక కెటిల్ వల్ల. కిందటి చలికాలంలో ఒక పొద్దున వంటింట్లో బల్ల ముందు కూర్చుని స్పార్క్ ప్లగ్గుల సంగతి ఏదో ఆలోచిస్తున్నాడు. భార్య స్నానాలగది నుంచి తడి తలతో పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. "పక్కింటి వాళ్ళు కూడా లేచేట్టు కూస్తోంది, మీ ముక్కు కిందేగా ఉంది" అంది. పొయ్యి మీద ఈల కెటిల్ ఆవిరి చిమ్ముతోంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు గాని, ఈల మాత్రం చెవిన పడలేదు. "ఏదో ఆలోచనలో ఉన్నాలే" అన్నాడు. ఈల వినపడలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ మరుసటి వారం భార్య కొత్త కెటిల్ కొంది, కరెంటుది. నీళ్ళు కాగుతున్నంతసేపు నీలం దీపం వెలుగుతుంది, మరిగాక అదే ఆగిపోతుంది. ఉన్నది బాగానే ఉండగా ఇదెందుకని ఆయన కాసేపు సణిగి ఊరుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. వీధి నవ్వుతుందని కొంత. బోర్డు మీద ఆ పేరు పెట్టుకుని చెవులు లేవంటే నవ్వరా మరి. కానీ అసలు భయం మేనకోడలి గురించి. పెద్ద షోరూమువాళ్ళు రెండుసార్లు రమ్మన్నా వెళ్ళకుండా ఆమె ఇక్కడే ఉంది. ఎందుకున్నావని ఎవరైనా అడిగితే, "మావయ్య దగ్గర వినడం ఇంకా నేర్చుకోవాలి" అనేది. ఇప్పుడా మావయ్యకే వినపడదు. నడుము మునుపటిలా వంగదు, వెల్డింగ్ ఆమెదే, కంప్యూటర్ ఆమెదే. తనకంటూ ఆ షెడ్డులో మిగిలింది ఈ ఒక్క విద్య. అది కూడా పోయిందని తెలిస్తే ఆమె తనని ప్రేమగా ఒక కుర్చీలో కూర్చోబెడుతుంది, టీ ఇస్తుంది, పని చెప్పదు. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆయనకి వణుకు.

అందుకని ఒక ఎత్తు వేశాడు. చెయ్యి కడుక్కున్నట్టు తడిచేసుకుని, గాలి ఎక్కించాక ప్రతి అతుకు దగ్గరా తడి చేతి వెనకభాగం ఆడించేవాడు. గాలి కారుతుంటే చర్మం చల్లబడుతుంది. కళ్ళు మూసుకుని, తల వంచి, వింటున్నట్టే ఉంటూ చేతితో వెతికేవాడు. ఏడాదిగా ఆ నాటకం నడుస్తోంది. ఒక్క బండి కూడా గాలి కారుతోందని తిరిగి రాలేదు. మొన్నీమధ్యే టీ కొట్టు దగ్గర, మేనకోడలి ముందే, "మా గేటు దాటిన బండి మళ్ళీ బుసకొట్టుకుంటూ వెనక్కి రాలేదు, ఇంత వయసొచ్చినా" అని కాలరెగరేశాడు కూడా. ఆమె టీ తాగుతూ నవ్వింది.

అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరు తన ఎర్రబండి తెచ్చాడు. రెండు తలుపుల టర్బో స్పోర్ట్స్ కారు. రోజంతా నోరు తెరుచుకున్నవాళ్ళతో మాట్లాడి మాట్లాడి, జవాబు కోసం ఆగే అలవాటు పోయిన మనిషి డాక్టరు. దిగుతూనే మొదలుపెట్టాడు.

"కొండెక్కేటప్పుడు నీరసపడుతోందండీ. పొద్దునైతే పర్లేదు, ఎండెక్కితే మూడో మలుపు దగ్గరికే ఆయాసం. ఇదిగో, ముందువైపు పెట్టే ఇంటర్‌కూలర్ తెప్పించాను. ఆరు నెలలు పట్టింది రావడానికి. మీ చేత్తోనే పెట్టాలి. శనివారం కొండ మీదికి పోదామని నేనూ మా తమ్ముడూ అనుకున్నాం. శుక్రవారానికి ఇచ్చేస్తారు కదూ?"

మేనకోడలు అప్పటికే పెట్టె విప్పి, మెత్తటి కాగితంలోంచి ఆ వెండిరంగు వస్తువుని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తింది. బారెడు పొడవు, జానెడు ఎత్తు, సన్నని రేకుల వరసలు. టర్బో గాలిని నొక్కి పంపుతుంది, నొక్కితే గాలి కాగుతుంది, కాగిన గాలితో ఇంజన్‌కి సత్తువ తగ్గుతుంది. దాన్ని దారిలో చల్లార్చి పంపేది ఈ పెట్టె.

"ఇప్పుడున్నది ఇంజన్ నెత్తిమీద కూర్చుంది డాక్టరుగారూ" అందామె. "కింద పొయ్యి, పైన చల్లార్చే పెట్టె. నెమ్మదిగా కొండెక్కుతుంటే ఆ పెట్టే కాగిపోతుంది. దీన్ని బంపర్ వెనకాల పెడితే ఎదురుగాలి నేరుగా తగులుతుంది."

మేస్త్రికి ఆ మాటలేవీ తలకెక్కడంలేదు. ఆయన కళ్ళు గొట్టాల మీద ఉన్నాయి. పాతదానికి రెండే అతుకులు, రెండూ చేతికందేవి. దీనికి ఎనిమిది. టర్బో నుంచి కిందికి దిగి, బ్యాటరీ పక్కనుంచి దూరి, చక్రం ముందు సందులోంచి బయటికొచ్చి, పెట్టెలో పడి, అటువైపు నుంచి మళ్ళీ ఇంజన్ దాకా రావాలి. వాటిలో రెండు అతుకులు ముందు దీపం వెనకాల, బంపర్ లోపలి ఇనుప దూలం కింద పడతాయి. అక్కడికి కన్ను పోదు. చెయ్యి మణికట్టు దాకా పోతుందేమో.

"ఉన్నదాన్నే శుభ్రం చేసి చూద్దామండీ" అన్నాడు. "అంత గొట్టం పెడితే గాలి చేరడానికి ఆలస్యమవుతుంది. తొక్కగానే దూకదు."

"రెండు క్షణాలు ఆలస్యమైతే నాకేం తొందర లేదు. నాదేమైనా అంబులెన్సా" అన్నాడు డాక్టరు.

మేనకోడలు మేస్త్రి వైపు చూసింది. కొత్త పని అంటే చెవి కోసుకునే మనిషి ఎందుకు వెనకాడుతున్నాడా అన్నట్టు ఉంది ఆ చూపు. ఆ చూపుకి జడిసి ఒప్పుకున్నాడు.

పని మూడు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ ఆయన సంతోషంగానే గడిపాడు. బంపర్ విప్పి దుప్పటి మీద పడుకోబెట్టారు. దాని వెనకాల, లోపలి మనుషుల్ని కాపాడే ఇనుప దూలం బయటపడింది. పెట్టెతోపాటు వచ్చిన కాగితంలో, ఇది పట్టాలంటే దూలం కింది అంచు నాలుగు వేళ్ళ మేర కోయమని ఉంది. మేస్త్రి ఆ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేశాడు.

"గుద్దుకున్నప్పుడు డాక్టరుగారి మోకాళ్ళకి అడ్డం ఉండేది ఇదీ, ఆ కాగితం కాదు" అన్నాడు. "కొయ్యను. పెట్టెనే అంగుళం కిందికి దించుదాం. ప్లాస్టిక్ ఎంతైనా కొయ్యి."

మేనకోడలు పెట్టెని నిలిపే రెండు బ్రాకెట్లు కొత్తగా చేసింది. దించిన పెట్టెకి అందేలా రెండు గొట్టాలు కోసి, వంపు తిప్పి, అతికింది. గొట్టాల అంచులకి ఆయన స్పిరిట్ పట్టించి జిడ్డు తీశాడు, సిలికాన్ తొడుగులు ఎక్కించాడు, తొడుగుల్ని పట్టి ఉంచే క్లాంపు పట్టీలు ఒక్కొక్కటే బిగించాడు. బిగించిన ప్రతిదాని మీదా పసుపు పెయింట్ పెన్నుతో గీత పెట్టాడు, స్క్రూ మీదా పట్టీ మీదా కలిసేలా ఒకే గీత. రేపెప్పుడైనా స్క్రూ కదిలితే గీత తెగిపోయి కనిపిస్తుంది. పాతికేళ్ళుగా ఆయన పద్ధతి అది. దీపం వెనకాల అతుకు దగ్గరికి గీత పెట్టడానికి పెన్నుని ఒక పుల్లకి కట్టి, అద్దంలో చూసుకుంటూ, నాలుక బయటపెట్టి పావుగంట తంటాలు పడ్డాడు.

గురువారం సాయంత్రం నాలుగింటికి పరీక్ష. టర్బో మూతికి బిరడా బిగించి, గాలి గొట్టం తగిలించి, గేజ్ పదిహేను పౌన్లు చూపించాక కంప్రెసర్ ఆపించాడు. ఫ్యాను కూడా ఆపించాడు. మేనకోడలు ఎప్పటిలాగే నాలుగడుగుల దూరంలో గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండా బండి మీదికి వంగాడు.

ఆరు అతుకులూ సుళువుగానే అయ్యాయి. ఏడోదాని కోసం చెయ్యి దూర్చాడు. మణికట్టు దగ్గర దూలం అడ్డొచ్చింది. ఇంకొంచెం తోశాడు, వేళ్ళ కణుపుల మీద తోలు లేచింది. గాలి తగల్లేదు. తగిలేంత దగ్గరికి చెయ్యే పోలేదు. ఎనిమిదోదాని దగ్గరా అంతే. ఇక చేసేదేం లేక నిజంగానే విన్నాడు. ఊపిరి బిగబట్టి, నుదురు చల్లటి రేకుకి ఆనించి, దేవుడా ఒక్కసారి వినిపించు అనుకుంటూ విన్నాడు. ఏమీ లేదు. గేజ్ ముల్లు నెమ్మదిగా దిగుతోంది, కాని ఇంజన్ కూడా లోపల్లోపల కొంత గాలి మింగుతుంది గనక దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

తలెత్తి, "ఎక్కడా లేదు. బిగువుగా ఉంది" అన్నాడు.

మేనకోడలు గేజ్ వైపు ఒకసారి చూసింది. తర్వాత, "సరే మావయ్యా. నేను సర్దేసి తాళం వేస్తాను. మీరు బయల్దేరండి" అంది.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ దొరకలేదు. కోటు వేసుకుని ఇంటికి నడిచాడు.

ఇంట్లో టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. డాక్టరూ తమ్ముడూ కొండెక్కుతారు. సగంలో గొట్టం ఊడితే బండికి ఊపిరాడదు, నల్లపొగ చిమ్ముతూ ఈడుస్తుంది. ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. కాని బండి తిరిగి వస్తుంది. అంతకన్నా ముందు, తెలియని మాటని తెలిసినట్టు చెప్పానన్నదే ఆయన్ని నిలవనివ్వలేదు. ఏడాదిగా ఆడిన నాటకంలో కూడా ఆయన అబద్ధం చెప్పలేదు. చేత్తోనైనా వెతికి, ఉంటే ఉందనీ లేకపోతే లేదనీ చెప్పాడు. ఇవాళే మొదటిసారి ఊరికే అనేశాడు.

లేచి, సింకు దగ్గరున్న గిన్నెల సబ్బు సీసా తీసి సంచీలో పెట్టుకున్నాడు. భార్య చూసింది.

"అదెక్కడికి?"

"షెడ్డులో చేతులు కడుక్కోడానికి. పొద్దున్నే పోవాలి" అన్నాడు.

"అలాగే" అని ఆమె అల్మారాలోంచి ఇంకో సీసా తీసి సింకు దగ్గర పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున ఏడు కాకముందే షెడ్డు తలుపు తీశాడు. మేనకోడలు తొమ్మిదికి గాని రాదు. ముప్ఫై ఐదేళ్ళు తిట్టిన సబ్బుని మగ్గులో కలుపుకుంటుంటే తనమీద తనకే జాలి, నవ్వూ వచ్చాయి. బండిని పైకెత్తి, చక్రం లోపలి ప్లాస్టిక్ తొడుగు విప్పి, టార్చీ, పొడవాటి పిడి ఉన్న చిన్న అద్దం పట్టుకుని ఏడో అతుకు దగ్గరికి చూపు పోనిచ్చాడు.

గీత తెగి ఉంది.

పట్టీ మీద సగం గీత తను పెట్టినచోటే ఉంది. స్క్రూ మీది సగం అరచుట్టు తిరిగి అటువైపు చూస్తోంది. వదులవడం వల్ల తిరిగిందా అంటే కాదు, బిగిసే దిక్కుకే తిరిగింది. క్లాంపు తనంతట తాను బిగుసుకోదు. టార్చీ ఇంకాస్త వంచాడు. తొడుగు కింద తెల్లగా ఎండిన చారిక. వేలికి గుడ్డ చుట్టి, పుల్లతో తోసి, ఆ తెలుపుని గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిమ్మకాయ వాసన. సబ్బు.

ఆయన బండి కింద నుంచి బయటికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నిన్న అక్కడ గాలి కారింది. నాలుగడుగుల దూరంలో గోడకి ఆనుకున్న మనిషికి వినపడింది. తను నుదురు ఆనించి వింటూ బిగువుగా ఉందన్నాడు. ఆమె సరే అంది.

ఆమె అల్మారా ఏనాడూ తెరిచినవాడు కాదు. ఇవాళ తెరిచాడు. వెల్డింగ్ ముసుగు, చేతి తొడుగులు, వాటి వెనక చల్లే మూతి ఉన్న సీసా. దాని పక్కన గిన్నెల సబ్బు, సగం ఉంది. ఇంకా వెనక్కి చెయ్యి పెడితే ఖాళీ సీసాలు తగిలాయి. మూడు. ఆ సబ్బు ఒక చెంచాడు పోస్తే మగ్గెడు సబ్బు నీళ్ళవుతాయి. అలా మూడు సీసాలు అయిపోవడానికి ఎన్ని బండ్లు, ఎన్ని సాయంత్రాలు పట్టి ఉంటుందో ఆయన లెక్క వేయబోయి మానుకున్నాడు.

మొదట కోపమే వచ్చింది. చిన్నపిల్లాడి హోంవర్కు దిద్దినట్టు తన వెనకాల దిద్దుతోందా? మొహం మీద చెప్పొచ్చుగా? తర్వాత ఇంకోటి తట్టింది. ఇన్నాళ్ళూ ఆమె బిగించిన క్లాంపుల మీద గీతలు ఎందుకు తెగి కనపడలేదు? ఎందుకంటే పాత గీత తుడిచేసి, ఆయన పెట్టినట్టే, ఆయన పెట్టే చోటే, పసుపు గీత మళ్ళీ పెట్టింది. ఈ ఒక్కదాని దగ్గరే పెన్ను అందలేదు. పుల్లకి కట్టుకోవాలని ఆమెకి తట్టలేదు. టీ కొట్టు దగ్గర తను కాలరెగరేసిన మాట గుర్తొచ్చింది. ఆమె నవ్వు గుర్తొచ్చింది. తల తీసేసినట్టయింది మేస్త్రికి. తిరిగిరాని ఆ బండ్లన్నీ ఆమెవి.

తొమ్మిదికి పదినిమిషాలుందనగా మేనకోడలు వచ్చింది. స్టూలు మీద మావయ్యని, ఆయన కాళ్ళ దగ్గర వరసగా నిలబెట్టిన సీసాల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గీత తెగింది" అన్నాడు మేస్త్రి.

"పెన్ను అందలేదు" అంది.

"పుల్లకి కట్టాలి."

"తట్టలేదు."

మేస్త్రి ఒక ఖాళీ సీసా చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పాలవాళ్ళ తెల్ల వ్యాన్ వచ్చింది చూడు, అప్పటి నుంచి."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "అది కిందటేడు వేసవిలో. నాకే తెలియదు అప్పటికి. నాకు చలికాలంలో తెలిసింది."

"నాకు ముందే తెలిసింది. పెద్ద బుస, గోడ దాకా వినిపిస్తోంది. నువ్వు దాని మీదే చెవి పెట్టి లేదన్నావు. నన్ను పరీక్షిస్తున్నావేమో అనుకున్నాను మొదట. సాయంత్రం నువ్వెళ్ళాక బిగించాను. మర్నాడు నువ్వేమైనా అంటావని చూశాను. ఏమీ అనలేదు."

షెడ్డులో ఆమె తనని 'నువ్వు' అనడం ఆయన గమనించాడు. ఆమె గమనించినట్టు లేదు.

"చెప్పొచ్చుగా?"

"ఏం చెప్పను మావయ్యా? చెప్తే నువ్వు ఇంట్లో కూర్చుంటావు. పరువు పోయిందని షెడ్డు మొహం చూడవు. నాకు తెలీదా నీ సంగతి? అప్పుడు దూలం కొయ్యొద్దని నాకెవరు చెప్తారు? మొన్న నువ్వు లేకపోతే ఆ కాగితంలో ఉన్నట్టే కోసేసేదాన్ని."

తను ఆ కుర్చీకి భయపడుతున్నట్టే, ఆమె కూడా అదే కుర్చీకి భయపడుతోందని ఆయనకి అప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులకి గ్రీజు ఉండడంతో మోచేత్తో తుడుచుకోవాల్సి వచ్చింది.

"మీ అత్తయ్యకి చెప్పావా?"

"నేను చెప్పలేదు."

"పోనీలే. తనకి తెలీదు."

మేనకోడలు ఆయన్ని జాలిగా చూసింది. "నీలం దీపం కెటిల్ ఎందుకొచ్చిందనుకున్నావు మరి?"

సింకు దగ్గర భార్య మారు మాట్లాడకుండా పెట్టుకున్న ఇంకో సీసా మేస్త్రి కళ్ళముందు ఆడింది. ఇంటా బయటా తను గుట్టుగా దాచుకున్నానని మురిసిపోతుంటే, ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు నుంచీ ఆ గుట్టుని మోస్తున్నారన్నమాట. నవ్వొచ్చింది ఆయనకి. ఆపుకోబోతే ఇంకా వచ్చింది.

పదింటికి డాక్టరు వచ్చాడు. "విన్నారా మేస్త్రిగారూ? నేనుండగా ఇంకోసారి వినండి. దారిలో ఒకటి గుర్తొచ్చింది, పాముకి బయటికి అసలు చెవులే ఉండవట తెలుసా? అదురుని బట్టి కనిపెడుతుందట. మీ పేరు పెట్టినవాళ్ళకి ఆ సంగతి తెలిసినట్టు లేదు."

మేనకోడలు గాలి గొట్టం తగిలించి, గేజ్ చూసి, కంప్రెసర్ ఆపింది. అలవాటుగా గోడవైపు నడవబోయింది.

"నువ్విటు రా" అన్నాడు మేస్త్రి. ఆయన చెయ్యి కడుక్కోలేదు. డాక్టరు వైపు తిరిగాడు. "నాకు వినపడడంలేదండీ. ఏడాది దాటింది. సన్నటి శబ్దాలు పోయాయి. ఇకమీదట అమ్మాయి వింటుంది. నేను చూస్తాను."

ఆ మాట బయటికొచ్చాక ఏమీ కూలిపోలేదు. డాక్టరు ఈసారి ఆ మాట పూర్తిగా విని, "నాకూ ఎడమ చెవిలో కొంచెం తేడాగానే ఉంది. రోజంతా ఆ మిషను మోత" అని పక్కకి జరిగాడు.

మేనకోడలు కళ్ళు మూసుకుని ఎనిమిది అతుకుల మీదా వింది. ఎక్కడా లేదంది. మేస్త్రి ఆమె సీసా చేతిలోకి తీసుకుని, అతుకులన్నిటి మీదా చల్లాడు, గొట్టాల మీద కూడా చల్లాడు. అద్దం పట్టుకుని, టార్చీ వేసి, తొందర లేకుండా చూశాడు. అందరూ అయిపోయిందనుకున్నాక, "ఇటు చూడు" అన్నాడు.

ఆమె కొత్తగా అతికిన గొట్టం వంపులో, అతుకు గీత మీద, ఒక బుడగ. ఆవగింజంత ఉంది. చూస్తుండగా నెమ్మదిగా లావెక్కి, పగిలి, మళ్ళీ ఇంకోటి పుట్టింది. వెల్డింగులో సూదిమొనంత రంధ్రం. దాని బుస పాముకి కూడా వినపడదు.

మేనకోడలి మొహం కందిపోయింది. మేస్త్రికి మాత్రం లోపల చిన్న సంతోషం పుట్టింది. మంచి బుద్ధి కాదని తెలిసినా దాచుకోలేకపోయాడు. "ఏం అమ్మాయ్, బండికి తలంటు పోస్తే తప్పేంలేదనుకుంటా" అన్నాడు.

"ఇటివ్వండి" అని మూతి ముడిచి, ఆమె గొట్టం విప్పడానికి వంగింది. మళ్ళీ 'మీరు'లోకి వచ్చేసింది.

గంటలో అతుకు సరైంది. బంపర్ ఎక్కించాక ఆమె బండిని పరీక్షకి బయటికి తీసింది, మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నాడు. డాక్టరు షెడ్డులోనే టీ తాగుతానన్నాడు. వీధి చివర దాటి, గోదాముల మధ్య నుంచి పోతే వంతెన మీదికి పొడవాటి ఎత్తు ఉంది. ఎత్తు మొదట్లో ఆమె బండి వేగం తగ్గించింది.

"కళ్ళు మూసుకో మావయ్యా" అంది.

తొమ్మిదేళ్ళ కిందట తను ఆమెకి చెప్పిన మాట అది. మూసుకున్నాడు. అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించాడు. బండి ఎక్కడం మొదలుపెట్టింది.

"ఇంజన్ తెలుస్తోందిగా?"

"తెలుస్తోంది. చేతికి కూడా."

"దాని మీద ఇప్పుడు టర్బో మొదలైంది. సన్నగా. ఈల కాదు, ఈల కన్నా మెత్తగా ఉంది. దారం లాగినట్టు లేస్తోంది. ఇంకా పైకి… ఇంకా… ఎక్కడా తెగలేదు. ఇప్పుడు కాలు తీస్తున్నాను. నిట్టూర్చింది. అంతే."

"బుస?"

"లేదు."

"నిజం చెప్పు."

"నిజంగానే లేదు. ఉంటే చెప్తాను. ఇకనుంచి చెప్తాను."

వంతెన మీద ఆమె బండి తిప్పుకుంది. దిగువకి వచ్చి, మళ్ళీ ఎత్తు మొదట్లో ఆగింది. ఆయన కళ్ళు ఇంకా తెరవలేదు.

"ఇంకోసారి ఎక్కించు" అన్నాడు మేస్త్రి. "ఈసారి కొంచెం నెమ్మదిగా చెప్పు."